సమాధానపడని తల్లి

ఆ శుక్రవారం కూడా రొట్టె పళ్లెం ఆమె ముందు నుంచి అలాగే దాటిపోయింది. నాకు అందించింది కానీ తాను తుంచుకోలేదు. వెనకే వచ్చిన ద్రాక్షరసం గిన్నెనూ అంతే. అందరూ చూశారు. చూడనట్టు తలలు వంచుకున్నారు.

సౌదీలోని జుబైల్‌లో మా తెలుగు సంఘం ఒక్కో శుక్రవారం ఒక్కొక్కరి ఫ్లాటులో కూడుకునేది. గుమ్మం బయట అన్ని జతల చెప్పులు కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుందని చెప్పులు తెచ్చి బాత్‌రూంలో పెట్టుకునేవాళ్లం. కిటికీలకు పరదాలు వేసి, గొంతు తగ్గించి పాడేవాళ్లం. తబలా బదులు ఒళ్లో దిండు పెట్టుకుని వాయించేవాళ్లు. ఆ దేశంలో మాలాంటి క్రైస్తవులకు గుడి లేదు, ప్రార్థనకు కూడటమూ నిషేధమే గనక ఇదే మా గుడి. ప్రభువు బల్ల దగ్గర, అంటే రొట్టె పంచుకునే వేళ, మాకొక కట్టుబాటు ఉండేది. ఎవరికి ఎవరి మీద ఏమున్నా, రొట్టె ముట్టుకోకముందే లేచి వెళ్లి, చేతులు పట్టుకుని సమాధానపడాలి. ఎరువిచ్చిన కుక్కరు తిరిగి రాలేదని ఏడాదిగా మాట్లాడుకోని ఇద్దరాడవాళ్లు ఆ బల్ల ముందు కౌగిలించుకుని ఏడవటం నేను చూశాను. మా తాతగారు కృష్ణా జిల్లాలో సంఘకాపరి. అక్షరాలు రాకముందే నాకు బైబిలు వాక్యాలు కంఠతా వచ్చు. ఆ కట్టుబాటుతో తీరని తగవు లోకంలో ఉండదని చాలా ఏళ్లు నమ్మాను.

పళ్లెం దాటవేసిన ఆమె నిజామాబాద్ వైపు మనిషి. వాళ్లాయన ఖఫ్జీలో చమురు బావుల దగ్గర ఫిట్టరు. గురువారం సాయంత్రం వచ్చి శుక్రవారం రాత్రికి వెళ్లిపోయేవాడు. వాళ్లకు ఒక్కతే కూతురు, పదేళ్ల పాప. పాప నా దగ్గరే వాక్యాలు నేర్చుకునేది. పిల్లలందరిలోకీ గట్టిగా చెప్పేది, తప్పు చెప్పినా గట్టిగానే చెప్పేది. కొన్నాళ్లుగా గోడకు చేరబడి కూర్చుంటోంది. అడిగితే జ్వరమంటోంది. పిల్లల వార్డులో నర్సును గనక నా చెయ్యి నుదుటి మీద పడితే జ్వరం ఉందో లేదో తెలిసిపోతుంది. లేదు.

కూడిక అయ్యాక ఆమె నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది.

"అక్కా, నీకొకటి చెప్త. నమ్మకున్నా మంచిదే గని నడుమల ఆపకు."

ఆపలేదు. ఆమె చెప్పింది. పాపకు ఏం జరిగిందో నేను ఇక్కడ రాయను. అది పాపది. ఎవరి వల్ల జరిగిందో చెబుతాను, పేరు లేకుండా. మా సంఘ పెద్దల్లో ఒకడు. పగలు కంపెనీ డ్రైవరు, పొద్దునా మధ్యాహ్నమూ సొంత వ్యానులో ఇండియన్ స్కూలు పిల్లల్ని తిప్పేవాడు. మధ్యాహ్నం అందరి పిల్లలూ దిగిపోయాక చివరి స్టాపు ఈ పాపదే.

"చివర దింపమని మేమే అడిగినం అక్కా. నాకు బేకరీల డ్యూటీ రెండింటిదాక ఉంటది గద. ఇంట్ల ఒక్కతె ఉండుడు కంటె అన్న బండ్ల కూసునుడు నయమనుకున్న. మన సంఘపాయన గదా అని."

ఆ మనిషిని సంఘం ఎందుకంత నమ్మిందో చెప్పాలి. గల్ఫ్ యుద్ధం మొదలైనప్పుడు నేనూ మా ఆయనా ఖఫ్జీలో ఉన్నాం, పెళ్లయిన కొత్త. తొలి రోజే కువైట్ వైపు నుంచి గుండ్లు పడ్డాయి. ఊరి పక్కన ఆయిల్ ట్యాంకు అంటుకుని పట్టపగలు ఆకాశం నల్లగా అయిపోయింది. కంపెనీ బస్సు వస్తుందన్నారు, రాలేదు. అప్పుడు కుర్రవాడైన ఈ మనిషి పికప్పు తెచ్చాడు. ఆడవాళ్లను ముందు సీట్లో కుక్కి, మగవాళ్లను వెనక ఎక్కించి, దారి పొడుగునా కీర్తన పాడుతూ మమ్మల్ని జుబైల్ చేర్చాడు. ఇక్కడ కిటికీలకు టేపు అంటించుకుని, సైరన్ మోగినప్పుడల్లా మాస్కులు తగిలించుకుని మేమంతా ఒక గదిలో కూర్చుంటే, రొట్టెల కోసం బయటికి వెళ్లిందీ అతనే. ఆ గదిలోనే మా సంఘం పుట్టింది. తర్వాత పదిహేనేళ్లపాటు ఎవరు కృతజ్ఞతా ప్రార్థన చేసినా అందులో అతని ప్రస్తావన వచ్చేది. ఆ రోజు మా ప్రాణాలు కాపాడిన మాట నిజం. దాన్ని నేను ఇప్పుడూ కొట్టెయ్యను. పాప చెప్పిందీ నిజమే. ఒక నిజాన్ని చూపించి ఇంకొకదాన్ని కప్పెయ్యటం కుదరదు.

"సంఘం నడిపే పెద్దాయనకు చెప్పావా?" అన్నాను.

"చెప్పినం. ఆ డ్రైవరును పిలిచి అడిగిన్రు. ఒప్పుకున్నడట, ఏడ్చిండట. ఇగ నన్ను సమాధానపడుమంటున్రు. అందుకే నేను పళ్లెం ముట్టుడు లేదు." ఆమె వంటింటి తలుపు దగ్గరికి వేసింది. "వచ్చే శుక్రవారం పాపను గుడ బల్ల ముంగట నిలవెట్టాల్నట. ఆయన క్షమాపణ అడుగుతడట. పాప 'క్షమించిన అంకుల్' అనాల్నట. అంటే అయిపోతదట అక్కా. నువ్వే చెప్పు, అయిపోతదా?"

ఇంత తప్పు మేము మాత్రమే చేయగలం. బయటివాళ్లయితే దాచిపెట్టి ఊరుకునేవాళ్లేమో. మేము దానికి ప్రార్థన చేర్చి, పాట చేర్చి, పిల్లను చేయి పట్టుకుని అతని ముందుకు నడిపించబోతున్నాం. అదీ మంచి మనసుతో.

మర్నాడు డ్యూటీ దిగి నేరుగా పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆయన మంచివాడు. నాకు జబ్బు చేస్తే ఉపవాసముండి ప్రార్థన చేసినవాడు.

"అమ్మా, అతను మోకాళ్ల మీద పడి ఏడ్చాడు. ప్రభువు క్షమించినవాణ్ణి మనం బజారుకు ఈడుస్తామా?"

"ఏడ్చినాయన రేపు పొద్దున వ్యాను తోల్తాడా అన్నయ్య గారూ?"

"మానేస్తానన్నాడు. వేరే డ్రైవరు దొరకగానే."

"అందాకా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అన్యుల ముందుకు వ్యాజ్యాలు తీసుకుపోవద్దని వాక్యం లేదా? మీ తాతగారు నీకు అది నేర్పలేదా?"

"నేర్పారండీ. అది అన్నదమ్ముల తగవుల సంగతి. తగవుకి ఇద్దరుండాలి. పాప ఎవరితో తగవు పడింది? చిన్నపిల్లల జోలికి వెళ్లినవాడి మెడకు తిరుగలి రాయి కట్టి సముద్రంలో పడేయటం మేలన్న మాట కూడా మా తాతగారు నేర్పారు. అదీ వాక్యమే."

"సరే. ఫిర్యాదు ఇచ్చావనుకో. మొదటి ప్రశ్న ఏమడుగుతారు? వీడు మీకెలా తెలుసని. ఏం చెబుతావు? మీరిద్దరూ, మేమూ, ఇక్కడున్న ప్రతి కుటుంబమూ పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టించుకుని దేశం వదిలి పోవాల్సిందే. యుద్ధంలో ప్రభువు నిలబెట్టిన సంఘాన్ని నీ చేతులతో కూలుస్తావా?"

ఆ భయం నాకూ ఉంది. లేచాను. ఆయన భార్య నన్ను గుమ్మం దాకా సాగనంపుతున్నట్టు వచ్చి, తలుపు వారగా వేసి, చెవిలో చెప్పింది.

"వెళ్లు వదినా. ఎక్కడికి వెళ్లాలో అక్కడికి వెళ్లు. మా చిన్నదాన్ని నాల్రోజులుగా ఈయనే కారులో స్కూలుకి దింపుతున్నారు. వ్యాను ఎక్కనివ్వట్లేదు."

మెట్లు దిగుతూ పిల్లల్ని ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకున్నాను. ఆ వ్యానులో ఇంకా చాలామంది పిల్లలున్నారు. వాళ్ల తల్లులకు ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. పికప్పు వెనక కూర్చుని వచ్చినవాళ్లలో ఆయనా ఒకరు. "ఎగ్జిట్ కొడితే కొట్టనీ. సామాను సర్దటమంటే నీకు ఎలాగూ సరదాయేగా," అన్నారు. నవ్వబోయి నవ్వలేకపోయారు.

నేను పనిచేసే ఆసుపత్రిలో సామాజిక సేవా విభాగం చూసే ఒక సౌదీ ఆవిడ ఉండేది. ఎవరి పేరూ చెప్పకుండా దారి అడిగాను. పోలీసుల దగ్గరకు ఆడవాళ్లు నేరుగా వెళ్తే ముందు భర్తనూ కఫీలునూ పిలుస్తారని, కఫీలంటే మా వీసాలకు పూచీ ఉన్న యజమాని, అతనిదాకా వెళ్తే మాట ఊరంతా పాకుతుందని ఆమె చెప్పింది. తూర్పు ప్రాంతానికి మానవ హక్కుల కార్యాలయం శాఖ దమ్మామ్‌లో కొత్తగా తెరిచారని, అందులో ఆడవాళ్లకు వేరే విభాగముందని, తల్లి తానే ఫిర్యాదు చెప్పుకోవచ్చని, తర్వాత పోలీసుల దగ్గరకు వాళ్లే వెంట వస్తారని కూడా చెప్పింది.

పాప తండ్రి మొదట వద్దన్నాడు. ఆయనా ఆ డ్రైవరూ ఒకే కఫీలు కింద ఉన్నారు. "నా ఇఖామా కఫీలు చేతుల ఉన్నది, అది లేకుంటె ఈడ ఉండనియ్యరు. నేనేం మాట్లాడాలె?" అన్నాడు ఫోనులో.

"నువ్వు మాట్లాడకు. నేను మాట్లాడత. నువ్వు అడ్డం రాకుంటె సాలు," అంది ఆమె.

"పాప పైలం," అన్నాడు ఆయన. పాప జాగ్రత్తన్న ఆ మాటనే మేము ఒప్పుకోలుగా తీసుకున్నాం.

మా ఆయన కారులో దమ్మామ్ వెళ్లాం. పాపను ఆ రోజు తీసుకెళ్లలేదు, నా తోటి నర్సు దగ్గర వదిలాం. దారంతా ఆమె నా చెయ్యి వదల్లేదు. ఆ కార్యాలయానికి ఆడవాళ్ల గుమ్మం పక్క సందులో ఉంది. మగవాళ్లు లోపలికి రాకూడదని కాపలా ఆవిడ మా ఆయన్ను ఆపేసింది. ఆయన ఎండలో కారు దగ్గరే నిలబడిపోయారు. ఎప్పుడూ విసుగనిపించే ఆ వేరు గుమ్మం ఆ రోజు చల్లటి నీడలా అనిపించింది. లోపల ఒక్క మగ గొంతు కూడా లేదు. పాప తల్లి తలమీది గుడ్డ కిందికి జార్చుకుని ఊపిరి పీల్చుకుంది.

ఫిర్యాదు తీసుకున్న అధికారి కళ్లజోడు పెట్టుకున్న యువతి. దుబాసీగా కూర్చున్నది హైదరాబాద్ పాతబస్తీ ఆవిడ.

"పరేషాన్ కావద్దమ్మా. నాకు తెలుగు వస్తది, జర హౌలా తెలుగు. నవ్వకున్రి," అంది. ఆ భయంలోనూ మా ఇద్దరికీ నవ్వొచ్చింది.

అధికారి తల్లిని ఆమె పేరుతో పిలవలేదు. అరబ్బుల పద్ధతిలో పాప పేరు అడిగి, ఫలానా పాప తల్లీ అని పిలిచింది. ఆ పిలుపుకు ఆమె నిటారుగా కూర్చుంది. జరిగినదంతా చెప్పింది. ఎక్కడా తడబడలేదు. చివరి స్టాపు తామే అడిగి పెట్టించుకున్నామని చెప్పేటప్పుడు మాత్రం మాట తెగిపోయింది. అధికారి కాఫీ గిన్నె ఆమె వైపు జరిపి, ఆగింది.

అప్పుడు ఆ ప్రశ్న వచ్చింది. దుబాసీ ఆవిడ నా వైపు తిరిగి అడిగింది. "మేడమ్ అడుగుతున్నరు, గంత నమ్మకం ఎట్ల కుదిరింది అని. గా మనిషి మీకు చుట్టమా?"

పాప తల్లి నా మొహం చూసింది. పెద్దాయన చెప్పిన మాటలే నా చెవుల్లో మోగాయి. మా ఊరివాడే అని ఒక్క ముక్క చెబితే దాటిపోతుంది. కానీ పాప మాట నిజమని నమ్మమని అడగటానికి వచ్చి, ఆ నిజం మధ్యలో నేను అబద్ధం ఎలా పెడతాను? రేపు అది బయటపడితే పాప చెప్పిందీ అబద్ధమే అంటారు. మనసులో ప్రభువును పిలుచుకున్నాను.

"మేమంతా కలిసి ప్రార్థన చేసుకుంటాం. అతను అందులో పెద్ద. అందుకే నమ్మాం," అన్నాను.

దుబాసీ ఆవిడ వెంటనే అరబ్బీలో చెప్పలేదు. గొంతు తగ్గించింది. "అదే చెప్పాల్నా అక్కా? 'మా ఊరాయన' అంటే సరిపోతది. నేను గట్లనే చెప్తా."

"వద్దు. అదే చెప్పండి."

చెప్పింది. అధికారి కలం ఆగింది. మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది. మా సంఘంలోని ఒక్కొక్క కుటుంబం నా కళ్ల ముందు కదిలింది. అధికారి ఏదో అడిగింది.

"ఆ తప్పు ప్రార్థన కాడ అయిందా అని అడుగుతున్నరు."

"కాదు. వ్యానులో."

అధికారి తల ఊపి కాస్త పొడుగ్గా మాట్లాడింది. దుబాసీ ఆవిడ మొహం వింటూనే విప్పారింది. "మేడమ్ ఏమంటున్నరంటే, 'అయితే నేను వ్యాను గురించే రాస్త. మీరు దేవునితోని మాట్లాడుకునేది మీకూ దేవునికీ నడుమ. నేను అడగలే, మీరు చెప్పలే. గిప్పుడు నాకు కావాల్సింది ఇంకోటి. రేపు పొద్దుగాల గా వ్యానుల ఎవరెవరి పిల్లలు ఎక్కుతరు?'"

నేను ఏడ్చేశాను. ధైర్యం చెప్పటానికి వెంట వచ్చిన నేనే ఏడిస్తే, పాప తల్లి నా వీపు నిమురుతూ ఆ పిల్లల పేర్లు చెప్పింది.

మర్నాడు పొద్దున మా బాల్కనీలోంచి చూశాను. కాంపౌండు గేటు దగ్గర బ్యాగులతో పిల్లలు, నిద్ర మొహాలతో తల్లులు. వ్యాను రాలేదు. "ముందు చెప్పద్దా ఈ మనిషి! టెస్టుందివాళ!" అని ఒకామె తిట్టుకుంటోంది. టాక్సీల కోసం పరుగులు పెట్టారు. ఆ తిట్లంత తియ్యటి మాటలు నేను ఎన్నడూ వినలేదు. రైలింగు పట్టుకుని అక్కడే కృతజ్ఞత చెప్పుకున్నాను. ఆ అధికారి రాత్రే పోలీసులకు చెప్పిందనీ, వాళ్లు అతన్ని తెల్లవారకముందే తీసుకెళ్లారనీ మధ్యాహ్నానికి తెలిసింది.

తర్వాత పాపను దమ్మామ్ తీసుకెళ్లాం. అదే గది, అదే దుబాసీ ఆవిడ, పిల్లలతో మాట్లాడటం నేర్చిన మరొకావిడ. మళ్లీ పోలీసుల దగ్గరా కోర్టులోనూ చెప్పక్కర్లేకుండా ఆ ఒక్కసారి చెప్పింది రికార్డు చేసుకున్నారు. తల్లిని లోపల కూర్చోనిచ్చారు, నేను బయట ఉన్నాను. తిరిగి వస్తుంటే పాప కారు వెనక సీట్లో కిటికీలోంచి చూస్తూ, ఉన్నట్టుండి అంది.

"ఆంటీ, ఆ మేడమ్‌కు నేనెవరో తెల్వదు గద?"

"తెలియదమ్మా."

"అయినా నమ్మింది."

మా ఆయన కారు కొంచెం నెమ్మది చేశారు. వెంటనే పాప, "అంకుల్, ఆకలైతుంది, షవర్మా కొనుక్కుందామా?" అంది. కొనుక్కున్నాం.

ఇంకో ఇద్దరు తల్లులు తమ పిల్లలను అడిగి, తామూ వెళ్లారు. కేసు నడిచింది. జైలు శిక్ష పడింది, శిక్ష అయ్యాక దేశానికి పంపేయాలని తీర్పు. మా సంఘం సంగతి ఎవరూ అడగలేదు. కొన్ని కుటుంబాలు మా ఇంటికి రావటం మానేశాయి. తీర్పు వచ్చిన వారం కూడిక మా ఫ్లాటులో జరిగింది. పెద్దాయన వాక్యం చెప్పటానికి లేచి, చెప్పలేక కూర్చున్నాడు. కూర్చునే, పిల్లలకు జరిగిన హాని సంగతి ఇకమీద సమాధానపడటానికి బల్ల దగ్గరకు రాదని, నేరుగా చెప్పాల్సిన చోటికే వెళ్తుందని అందరి ముందూ అన్నాడు. ఆ రోజు ఆమె రొట్టె తీసుకుంది. అతన్ని క్షమించిందా అని నన్ను చాలామంది అడిగారు. నాకు తెలియదు. ఆమెను అడగలేదు.

పాపకు మాత్రం ఒక ప్రశ్న మిగిలింది. ఒకరోజు నా దగ్గర వాక్యం అప్పచెబుతూ మధ్యలో ఆపేసింది.

"ఆంటీ, జైలు అయినంక ఆయన్ని ఊరికి పంపుతరు గద. ఆడ మళ్ల స్కూలు బండి నడుపుతడా?"

పెద్దవాళ్లం ఒక్కరమూ అంత దూరం ఆలోచించలేదు. దమ్మామ్‌కు ఫోను చేసి అడిగితే, తమ చెయ్యి ఈ దేశం దాటదని, తీర్పు నకలు మాత్రం ఇస్తామని అన్నారు. ఆ ఏడు సెలవుకు వెళ్లినప్పుడు నేనూ పాప తల్లీ హైదరాబాద్‌లో రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లాం. అరబ్బీ తీర్పుకు తెలుగు చేయించి ఇచ్చాం. అక్కడి గుమస్తా ముందు విసుక్కున్నాడు. "అమ్మా, నేరం జరిగింది ఆడ, నిందితుడున్నది ఆడ, మీరేమో ఈడ. ఇది మాకెట్లొస్తది?" పాప తల్లి కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆయన వచ్చేది ఈడికే సారూ. పిల్లలున్నది ఈడనే." అతను కాగితాలు మళ్లీ మొదటి నుంచి చదివాడు. వాటిని లోపలికి పంపించాడు.

చాలా నెలల తర్వాత జవాబు వచ్చింది. అతని జిల్లా పోలీసులకూ రవాణా శాఖకూ తెలియజేశామని, బడి పిల్లల వాహనం నడపటానికి అతనికి అనుమతి ఉండదని, అతను తిరిగి రాగానే స్టేషనులో నమోదు చేస్తారని అందులో ఉంది. పాప తల్లి నాకు ఫోను చేసి చదివి వినిపించింది. నేను వాళ్లింటికి వెళ్లేసరికి పాప నేల మీద పడుకుని సైన్సు బొమ్మకు రంగులు వేస్తోంది. పక్కన కూర్చుని విషయం చెప్పాను.

"అంటే ఆడ గుడ నడపడు?"

"నడపనివ్వరు."

"పక్కానా?"

"పక్కా."

"మంచిగైంది," అంది. బొమ్మను నా వైపు తిప్పి, "ఆంటీ, గుండెకాయకు ఏం రంగెయ్యాలె? మా టీచరేమో ఎరుపంటది, పుస్తకంల నీలం గుడ ఉన్నది," అని అడిగింది. నర్సునని నన్నడిగింది గనక పెన్సిళ్లు దగ్గరికి లాక్కుని, ఏ వైపు ఎరుపో, ఏ వైపు నీలమో చూపించాను.